అమ్మ నొటేషన్ పుస్తకాలకి ఇనప బీరువా: ప్రాజెక్టు డైరీ

మే 25, 2025, ఆదివారం

పాత బీరువాని ఇవాళ పూర్తిగా ఖాళీ చేశాను. అమ్మ ముప్పై ఏళ్లు సంగీతం పాఠాలు చెప్పిన కాలం నాటి నొటేషన్ (పాటల స్వరాలు రాసుకున్న) నోటుబుక్కులన్నీ అందులోనే ఉన్నాయి. లాంగ్ నోటుబుక్కులు, విడి కాగితాల కట్టలు, అట్ట ఫైళ్లు అన్నీ విడతలవారీగా తూకం వేస్తే 62 కిలోలు తేలాయి.

ఈ పని పదేళ్ల కిందటే చెయ్యాల్సింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖ మీద పడినప్పుడు బాల్కనీ తలుపు ఊడి గదిలోకి పడింది. నీళ్లు జానెడు ఎత్తున నిలిచాయి. కింది అరలో పుస్తకాలు రెండు రోజులు నీళ్లలో నానాయి. కరెంటు లేని ఆ రోజుల్లో అమ్మ కుట్లు విప్పి ఒక్కొక్క కాగితం దండెం మీద ఆరేసింది. కాగితం ఆరింది గానీ సిరా చెదిరిపోయింది. స్వరం మీద పెట్టే చిన్న చుక్కలు ముందు పోయాయి. ఆ చుక్క లేకపోతే అది మధ్య స్థాయి షడ్జమమో తార (పై) స్థాయి షడ్జమమో చూసేవాళ్లకి తెలియదు. గుర్తున్నవి అమ్మ మళ్లీ పెట్టుకుంది. గుర్తు లేనివి అలాగే ఉన్నాయి. అమ్మకిప్పుడు 69 ఏళ్లు. ఈసారి బీరువా గురించి ఆవిడ అడిగింది ఒక్కటే: "అవి మళ్లీ తడవకుండా చూడరా, చాలు."

పాత బీరువా 1978లో అమ్మ సారెతో వచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని గోద్రెజ్ బీరువా అనేవాళ్లు. నిజానికి అది ఊళ్లో రేకు పనివాళ్లు చేసినదే, కాకపోతే అప్పట్లో ఇనప బీరువా ఏదైనా గోద్రెజే. ముందువైపు ఆకుపచ్చ రంగు ఇప్పటికీ బాగుంది. గోడ నుంచి ముందుకి లాగాను. పై భాగం నాతో వచ్చింది, అడుగు రేకు మాత్రం నేల మీదే ఉండిపోయింది. వెనక కింది అంచున రంగు బొబ్బలెక్కి ఉంది. ఒక బొబ్బ మీద గోరుతో నొక్కితే అప్పడంలా విరిగింది. లోపల ఎర్రటి పొడి, దాని కింద పొరలు పొరలుగా నల్లటి తుప్పు. ఇనుము తుప్పయితే ఉబ్బి ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది, రంగుని కింద నుంచి ఎత్తేది అదే.

తుప్పు లేని చోట రేకు మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. 1.2 మి.మీ. అంటే 18 గేజి (గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది). ఈ రోజుల్లో ఇంటి బీరువాలకి ఇంత మందం రేకు ఎక్కువగా వెయ్యడం లేదు. అంత మందం ఉండి కూడా పోయింది. కాళ్లు అంగుళం ఎత్తే. వీపు గోడకి ఆనుకుని ఉంది. రోజూ తడిగుడ్డ పెట్టినప్పుడల్లా కింది అంచు తడుస్తుంది, ఆరడానికి గాలి లేదు. దానికి తోడు సముద్రం మా ఇంటికి కిలోమీటరు దూరం. ఉప్పు గాలి చేసే పని వంటింట్లో కూడా కనిపిస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే జాడీలో రాళ్లుప్పు చెమరుస్తుంది. రేకు మీద పేరుకున్న ఉప్పు పొర కూడా అలాగే చెమరుస్తుంది. వాన పడక్కర్లేదు, బీరువా తనంతట తాను తడుస్తుంది. మా ఊళ్లో ఏడాదిలో ఎక్కువ రోజులు అలాంటివే.

కాబట్టి కొత్తది ఎంత మందం అన్నదానికంటే, ఎంత ఎత్తున నిలబెడతాను, వెనక ఎంత గాలి వదులుతాను, రంగు ఎక్కడ తెగకుండా చూస్తాను అన్నవే నాకు ముఖ్యం. ఈ డైరీ అందుకే రాస్తున్నాను.

జూన్ 1, ఆదివారం

మా మెట్లు మలుపు దగ్గర ఇరుకు. ఆరున్నర అడుగుల వెల్డింగ్ బీరువా అక్కడ తిరగదు. అందుకని విడిభాగాలుగా వచ్చి బోల్టులతో బిగించుకునే రకం కొన్నాను. ఎత్తు 1980 మి.మీ., వెడల్పు 915, లోతు 485. రెండు తలుపులు, నాలుగు అరలు, మూడు వైపులా పడే గడియ. అయిదు అట్ట కట్టల్లో వచ్చింది.

బిల్లు మీద 20 గేజి అని ఉంది. పక్క రేకు ఎత్తితే ఆ బరువు సరిపోయింది. అరలు చేతికి తేలిగ్గా తగిలాయి. పౌడర్ కోటింగ్ ఉన్న రేకుని వెర్నియర్‌తో కొలిచేటప్పుడు రంగు మందం తీసెయ్యాలి. ఒక్కో వైపు 60 నుంచి 70 మైక్రాన్లు, రెండు వైపులా కలిపి సుమారు 0.13 మి.మీ. అర అంచు 0.84 చూపించింది, రంగు పోతే 0.71. అది 22 గేజి. అయినా కొలత ఒక్కటే నమ్మలేదు. అర మడతలన్నీ విప్పి పరిచినట్టు లెక్కేస్తే 0.55 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు ఉక్కు రేకు ఒక మి.మీ. మందానికి 7.85 కిలోలు తూగుతుంది. 20 గేజి అయితే అర దాదాపు నాలుగు కిలోలు ఉండాలి, 22 గేజి అయితే మూడు కిలోల చిల్లర. మా వీధి చివరి కిరాణా కొట్టు కాటా మీద పెడితే 3.1 కిలోలు.

షాపుకి ఫోన్ చేశాను. "బాడీ 20 అండీ, అరలెప్పుడూ 22యే వస్తాయి" అన్నారు. బిల్లులో ఆ మాట లేదు. కొనేవాళ్లు ఒక అర తూకం వేసి చూసుకోవాలని గట్టిగా చెబుతాను, రెండు నిమిషాల పని. వెనక్కి పంపితే మళ్లీ నెల పడుతుంది, వానలు మొదలవుతాయి. అందుకని అరల ధర తేడా తగ్గించమని అడిగి తీసుకున్నాను. పుస్తకాలు మోసే రెండు అరల కింద మధ్యలో అడ్డంగా ఒక్కో స్లాటెడ్ యాంగిల్ (వరసగా కన్నాలున్న ఎల్ ఆకారం ఇనప పట్టీ) ముక్క వేస్తాను. ఒక మీటరు వరసలో నిలబెట్టిన పుస్తకాలు పాతిక ముప్పై కిలోలు ఉంటాయి. ఊరికే వదిలేస్తే ఈ రేకు ఏడాదికి నడుము వంగుతుంది.

జూన్ 8, ఆదివారం

ఈ రోజంతా బిగింపే. పొద్దున చేసినది మధ్యాహ్నం విప్పాను.

పొద్దున అడుగు రేకు, రెండు పక్కలు, వీపు, పైకప్పు వరసగా పెట్టుకుంటూ, ప్రతి బోల్టుని అక్కడికక్కడే 10 నంబరు పానాతో గట్టిగా బిగించుకుంటూ పోయాను. అన్నీ ఎం6 బోల్టులు. తలుపులు తగిలించి మూసేసరికి కుడి తలుపు ఎడమ దానికంటే 6 మి.మీ. దిగి ఉంది. గడియ కడ్డీ పైన కన్నంలోకి ఎక్కలేదు. బందులు వదులు చేసి తలుపుని ఎత్తి చూశాను. ఎత్తినప్పుడు కింద సరిపోయింది, పైన రాసుకుంది. చెక్క సుత్తితో తలుపు అంచుని తడుతుంటే పక్కింటి బాబాయిగారు వచ్చారు. ఆయన షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు.

"ఏటి మాస్టారూ, తలుపుని కొడతన్నారు? తలుపు ఏటి చేసింది? ముందు నేల సూడండి."

ఇంటికెళ్లి తన రసమట్టం (నేల సమంగా ఉందో లేదో బుడగతో చూపే పట్టీ) తెచ్చారు. రెండడుగులది, అల్యూమినియం. బీరువా ముందు నేల మీద ఎడమ నుంచి కుడికి పెడితే బుడగ గీత దాటి ఎడమకి పోయింది. ఈ గదిలో నేల బాల్కనీ వైపు వాలుగా ఉంది, కడిగిన నీళ్లు బయటికి పోవాలని మేస్త్రీలు అలాగే వేస్తారు. మా బీరువా ముందు కుడి మూల సరిగ్గా ఆ పల్లంలో ఉంది. ఆ మూల కిందికి దిగితే బీరువా మొత్తం మెలిపడుతుంది. కుడి పక్క రేకు దిగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న కుడి తలుపు కూడా దిగుతుంది. తలుపులో తప్పేమీ లేదు. బందులు అప్పుడు జరిపి సరిపెట్టినా, పుస్తకాల బరువు పడ్డాక మళ్లీ దిగేది.

తరవాత కర్ణాలు కొలవమన్నారు. ముందు చట్రం పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకి ఒకటి, పై కుడి నుంచి కింది ఎడమకి ఒకటి. టేపు ఒక కొస ఆయన పట్టుకున్నారు. ఒకటి 2186, రెండోది 2175 మి.మీ. తేడా 11. 915కి 1980 దీర్ఘ చతురస్రానికి కర్ణం ఎంతుండాలో అక్కడే కాగితం మీద వేశాను: 2181. బడిలో ఏటా పిల్లలతో చేయించే లెక్క ఇది. టేపు మీద ఆ అంకె కళ్లారా చూస్తుంటే కలిగిన సంతోషం వేరు. ఒక కర్ణం ఎక్కువా ఒకటి తక్కువా ఉందంటే చట్రం పక్కకి ఒరిగిందని అర్థం. వెనక రేకుని పొద్దునే గట్టిగా బిగించేశాను కాబట్టి ఆ ఒరుగుడు అలాగే బంధించినట్టయింది.

విప్పాను. 48 బోల్టులు. ఆయన చెప్పిన వరస ఇది, ఇకపై నా వరస కూడా ఇదే. ముందు నాలుగు మూలల కిందా నేలని సమం చేసుకోవాలి. ముందు కుడి మూల కింద 2 మి.మీ. రేకు ముక్కలు రెండు, ఒక రబ్బరు ముక్క పెడితే బుడగ మధ్యకి వచ్చింది. తరవాత బోల్టులన్నీ వేళ్లతో మాత్రమే తిప్పి వదలాలి. పానా ముట్టుకోకూడదు. పెట్టె మొత్తం నిలబడ్డాక, ఇంకా కొంచెం ఊగుతుండగానే, కర్ణాలు కొలవాలి. పెద్ద కర్ణం ఉన్న మూలని అరచేత్తో తోస్తే అది లొంగుతుంది. మేం రెండుసార్లు తోశాక 2181, 2181. అప్పుడు కింది మూలల నుంచి మొదలుపెట్టి, ఎదురెదురు మూలలకి మారుతూ, ఒక్కో బోల్టుకి సగం చుట్టు చొప్పున బిగించాను. ఒక రౌండు అయ్యాక మళ్లీ కొలిచి రెండో రౌండు.

సాయంత్రం అయిదింటికి తలుపులు మూశాం. రెండు తలుపుల మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకే తీరుగా, రెండు రూపాయి బిళ్లలు దూరేంత. కడ్డీ చప్పుడు లేకుండా ఎక్కింది. బాబాయిగారు ఏమీ అనలేదు, పిడిని మూడు నాలుగుసార్లు తిప్పి చూసి రసమట్టం తీసుకుని వెళ్లారు.

ఒక చెడ్డ సంగతి కూడా రాసుకోవాలి. పొద్దున వాషర్లు లేకుండా బిగించి విప్పిన చోట్ల బోల్టు తల కింద రంగు రాలింది. ఏడు చోట్ల వెండిలా మెరుస్తున్న ఇనుము కనిపించింది. చిన్న బ్రష్‌తో ప్రైమరు, దాని మీద అదే బూడిద రంగు ఎనామిల్ పెట్టాను. రెండోసారి నైలాన్ వాషర్లు వేశాను.

జూన్ 10, మంగళవారం

తాళం కొంచెం పట్టేస్తోంది. కొబ్బరి నూనె వెయ్యమని ఇంట్లో అన్నారు. వద్దన్నాను. నూనె జిడ్డుకి దుమ్ము అంటుకుని కొన్నాళ్లకి లోపల బంకలా తయారవుతుంది. పెన్సిల్ ములుకుని మెత్తగా గీకి, ఆ పొడిని కాగితం మడతలో పోసి తాళం కన్నంలోకి ఊదాను. తాళంచెవికి కూడా పూసి పది సార్లు తిప్పాను. ఇప్పుడు అమ్మ రెండు వేళ్లతో తిప్పగలుగుతోంది. కడ్డీలు రాసుకునే చోట మాత్రం కొంచెం గ్రీజు.

జూన్ 15, ఆదివారం

బీరువా కింద పెట్టే స్టాండ్ వచ్చింది. వెల్డింగ్ షాపులో 40కి 40, 5 మి.మీ. యాంగిల్‌తో చేయించాను. ఎత్తు 150 మి.మీ. నాలుగు కాళ్లకీ అడుగున నట్టు వెల్డు చేయించి 12 మి.మీ. బోల్టులు ఎక్కించాను. రేకు ముక్కలు ఇక అక్కర్లేదు, బోల్టు తిప్పితే కాలు లేస్తుంది, దిగుతుంది. బోల్టు తలల కింద రబ్బరు బిళ్లలు. వెల్డింగ్ చేసిన చోట మిగిలిన మసి పొర ఆకురాయితో గీకకుండా రంగు వేస్తే ఆ రంగు నిలవదు, అందుకని రంగు నేనే వేసుకుంటానని చెప్పి పచ్చిదే తెచ్చుకున్నాను. గీకి, థిన్నరుతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, ఎనామిల్ రెండు పూతలు.

ముందు స్టాండుని ఒక్కదాన్నే రసమట్టంతో సమం చేసి, ఖాళీ బీరువాని ముగ్గురం కలిసి ఎత్తి పెట్టాం. కర్ణాలు మళ్లీ కొలిచాను. 2181, 2180. చాలు.

ఇంత ఎత్తు, ఇంత సన్నటి లోతు ఉన్న బీరువాని గోడకి కట్టకుండా వదలకూడదు. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి, పై అరలోది అందుకోవడానికి ఎవరైనా అంచు పట్టుకుని లాగితే ముందుకి వస్తుంది. ఈ ఒక్క విషయంలో బద్ధకించొద్దని చదివే ప్రతి ఒక్కరినీ వేడుకుంటున్నాను, పిల్లలున్న ఇంట్లో అయితే మరీను. నేను బయటి గోడ వదిలేసి లోపలి గోడ పక్కన పెట్టాను, బయటి గోడకి వాన చెమ్మ దిగుతుంది. గోడకీ వీపుకీ మధ్య మూడంగుళాలు వదిలాను. పైన రెండు చోట్ల ఎల్ ఆకారం పట్టీలు, మధ్యలో టేకు చెక్క దిమ్మలు. ఏడడుగుల ఎత్తున డ్రిల్లు పెడితే మొదట అంగుళం తెల్లగా సున్నం, సిమెంటు రాలింది. తరవాత ఎర్ర ఇటుక పొడి వస్తుందనుకున్నాను, బూడిద రంగు పొడి వచ్చింది. లింటెల్ బెల్టు (తలుపులు, కిటికీల పైన గోడలో పోసే కాంక్రీటు పట్టీ) తగిలింది. కాంక్రీటు కాబట్టి యాంకర్ ఫాస్టెనర్ వేశాను. ఇటుక తగిలితే నైలాన్ ప్లగ్గే మంచిది, ఫాస్టెనర్ విచ్చుకునే బలానికి ఇటుక పగులుతుంది.

పట్టీల కోసం బీరువా పైన నేను తొలిచిన రెండు కన్నాల అంచులకి అప్పటికప్పుడే ప్రైమరు పూశాను. రేపు చూద్దాం అనుకుంటే మా గాలికి రేపటికి ఎర్రబడుతుంది.

జూన్ 22, ఆదివారం

ఇవాళ పుస్తకాలు సర్దుదామని అమ్మ అంది. ఇంకో పది రోజులు ఆగమన్నాను. లెక్క ఇలా ఉంది.

బీరువా లోపలి గాలి ముప్పావు ఘన మీటరు పైచిలుకు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమలో ఆ గాలిలో ఉండే నీరు ఇరవై గ్రాములు. అంటే నాలుగు చెంచాలు. దాన్ని పీల్చడానికి గుప్పెడు సిలికా జెల్ చాలు. కానీ కాగితం అలా కాదు. మా ఊరి తేమలో కాగితం తన బరువులో పదో వంతు నీటిని పట్టి ఉంచుతుంది. 62 కిలోలంటే ఆరు లీటర్లు. గాలిని ఎంత ఆరబెట్టినా కాగితం మళ్లీ తేమ వదులుతూనే ఉంటుంది. 55 శాతం తేమ ఉన్న గాలికి సరిపడేలా ఆ కాగితాన్ని ఆరబెట్టాలంటే రెండు లీటర్ల దాకా నీరు బయటికి పోవాలి. రెండు సంచుల సిలికా జెల్ వల్ల అయ్యే పని కాదు. కాబట్టి పుస్తకాల్నే ముందు ఆరబెట్టాలి. ఎండలో పెడితే సిరా వెలుస్తుంది, అట్టలు వంకరపోతాయి. ఏసీ ఉన్న పడకగదిలో బల్లల మీద నిలబెట్టి, ఆకులు విసనకర్రలా కొంచెం విచ్చి ఉంచాను. రాత్రిళ్లు ఏసీ ఎలాగూ నడుస్తుంది.

ఈలోగా తేమ మీటరు నిజం చెబుతుందో లేదో చూశాను. సీసా మూతలో ఉప్పు పోసి, అది పూర్తిగా కరగకుండా ముద్దలా ఉండేలా కొన్ని చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఒక రాత్రి వదిలాను. ఆ డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలవాలి. నా మీటరు 79 చూపించింది. అంటే నాలుగు తీసేసి చదవాలి. ఇకపై రాసే అంకెలన్నీ తీసేసినవే.

జులై 6, ఆదివారం

సర్దుడు అయింది. బరువైన బైండు పుస్తకాలు కింది రెండు అరల్లో, విడి కాగితాలు అట్టపెట్టెల్లో పైన. అమ్మ రాగాల వరసలో పెట్టించింది. కల్యాణి, శంకరాభరణం ఎక్కువ చోటు తీసుకున్నాయి. తడిసి చెదిరిన పుస్తకాలు ఎక్కడ పెట్టాలని అడిగితే, "కళ్లెదురుగా పెట్టు, ఇంకా గుర్తొస్తాయేమో" అంది. మూడో అర, మధ్యలో.

అమ్మ వేపాకు వేద్దామంది. పచ్చి ఆకు వేస్తే దాని తడి లోపలే ఉంటుంది కాబట్టి వారం రోజులు నీడలో ఎండబెట్టి, పలచటి గుడ్డలో మూటకట్టి మూలల్లో పెట్టాం. అరకిలో సిలికా జెల్ సంచులు రెండు, పై అరలో ఒకటి, కింద ఒకటి. నారింజ రంగు రకం, తేమ పట్టాక ముదురాకుపచ్చకి మారుతుంది. మారినప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల మీద రెండు గంటలు.

తేమ బయట 82 శాతం, లోపల 57.

ఆగస్టు 17, ఆదివారం

మొదటి తుప్పు. నెలకోసారి టార్చి వేసి చూద్దామనుకున్నాను, రెండో చూపులోనే దొరికింది. వీపు రేకు కింది వరసలో, కుడి చివర రెండు బోల్టుల చుట్టూ టీ మరకలాంటి రంగు. జూన్ 8న రంగు రాలిన ఏడు చోట్లలో ఇవి రెండూ ఉన్నాయి. గోడ వైపు ఉన్నాయి కాబట్టి వాటికి ఒక్క పూతే వేశానని గుర్తుంది. మిగిలిన అయిదూ శుభ్రంగా ఉన్నాయి.

మూడంగుళాల సందులో చెయ్యి పట్టింది కాబట్టే ఇది సాధ్యమైంది. బోల్టు తీసి, 220 నంబరు ఎమరీ కాగితంతో మెరిసే దాకా గీకి, థిన్నరు గుడ్డతో తుడిచాను. నీళ్ల గుడ్డతో తుడిస్తే కళ్ల ముందే మళ్లీ ఎర్రబడుతుంది. రంగు పెడదామని డబ్బా మూత తీస్తుంటే బాబాయిగారు తేమ ఎంతుందని అడిగారు. 88. "మరి ఏటి ఏస్తారు? ఓడకైతే 85 దాటితే బ్రష్ ముట్టనివ్వరు." రేకు చల్లగా ఉండి గాలి తేమగా ఉంటే కంటికి కనపడని మంచు పొర రేకు మీద ఉంటుంది, రంగు ఇనుముకి కాకుండా ఆ నీటికి అంటుకుంటుంది. గాలి మంచు పట్టే వేడి కంటే రేకు కనీసం మూడు డిగ్రీలు వేడిగా ఉండాలని ఓడ పనిలో నియమం. మధ్యాహ్నం రెండింటికి తేమ 76కి దిగింది. ఆ రేకుని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చ చేసి ప్రైమరు పెట్టాను. మర్నాడు రెండు పూతల ఎనామిల్, కొత్త నైలాన్ వాషరు.

తుడవడం గురించి ఇంట్లో అందరికీ చెప్పాను: బీరువాకి ఆమ్లం కలిసిన క్లీనరు, గరుకు పీచు వద్దు. పదిహేను రోజులకోసారి మంచినీళ్లలో పిండిన గుడ్డతో ఉప్పు పొర తుడిచి, వెంటనే పొడిగుడ్డ. మంచినీళ్లే వాడాలి, మా బోరు నీళ్లలో ఉప్పుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

పాత బీరువా పని కూడా మొదలైంది. పారెయ్యడానికి మనసొప్పలేదు. కింద ఆరంగుళాల మేర పుచ్చిన భాగం కోయించి, కొత్త అడుగు రేకు వెల్డు చేయించాను. పైభాగం 18 గేజి రేకు మోగిస్తే ఇప్పటికీ గంటలా పలుకుతోంది. 80తో మొదలుపెట్టి 120, 220 ఎమరీ. అమ్మ కోసం అదే ఆకుపచ్చ కలిపించాను. ఇది మేడ మీద గదిలో పనిముట్ల కోసం.

అక్టోబరు 30, గురువారం

మొంథా తుపాను మొన్న 28 రాత్రి కాకినాడకి దిగువన, నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు గాలి హుద్‌హుద్ అంత లేదు గానీ వాన విడవకుండా కొట్టింది. బాల్కనీ తలుపు కింద నుంచి నీళ్లు గదిలోకి వచ్చాయి. వాలు బయటికే ఉన్నా, బాల్కనీ తూముకి ఆకులు అడ్డుపడి నీళ్లు వెనక్కి తన్నాయి. నేల మీద రెండు వేళ్ల లోతు. స్టాండు కాళ్లు తడిశాయి, బీరువా అడుగు రేకుకీ నీళ్లకీ మధ్య అర జానెడు ఖాళీ ఉంది. రాత్రంతా ఎత్తి పోస్తూనే ఉన్నాం. అమ్మ మంచం మీద కూర్చుని టార్చి బీరువా కాళ్ల మీదే వేసి ఉంచింది.

తలుపులు రెండు రోజులు తెరవలేదు. ఇవాళ ఎండ పొడ కనిపించాక తెరిచాను. లోపల 63 శాతం, జెల్ పూర్తిగా ఆకుపచ్చ. కింది అర మూలలో వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. అమ్మ మధ్య అరలోంచి ఒక పుస్తకం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముక్కిన వాసన లేదంది.

కాళ్ల బోల్టులు తుడిచి గ్రీజు రాశాను. స్టాండు వెల్డుల దగ్గర ఎక్కడా ఎర్రబడలేదు. జెల్ ఓవెన్‌లో ఉంది.

నవంబరు 2, ఆదివారం

బోల్టులన్నీ ఒకసారి చూశాను. 48లో మూడు కొంచెం వదులయ్యాయి, పుస్తకాల బరువుకి సర్దుకున్నట్టున్నాయి. పావు చుట్టు చొప్పున బిగించాను. కర్ణాలు 2181, 2180, జూన్‌లో ఉన్నట్టే. స్లాటెడ్ యాంగిల్ వేసిన అరల మీద దారం లాగి చూస్తే వంపు లేదు. యాంగిల్ వెయ్యని వాటిలో, పై నుంచి రెండో అర మధ్యలో 2 మి.మీ. దిగింది. దానికీ ఒక ముక్క కోయాలి.

స్టాండ్ వల్ల బీరువా ఆరంగుళాలు పెరిగింది కదా, పై అరలోవి అమ్మకి అందడం లేదు. ఇన్నాళ్లూ స్టూలు ఎక్కుతోందని ఇవాళే తెలిసింది. పై అరని నాలుగు కన్నాలు కిందికి దింపాను. క్లిప్పులు ఊడదీసిన చోట రంగు గీసుకుపోయింది, రెండు చోట్ల. తేమ 71 ఉంది. ప్రైమరు పెట్టేశాను.

ఆరుతుండగా అమ్మ చేత్తో పై అర అందుకుని చూసింది. అందింది. మధ్య అరలోంచి చెదిరిన కల్యాణి పుస్తకం, ఎర్ర పెన్ను తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. సాయంత్రానికి ఒక పేజీలో పదకొండు చుక్కలు పెట్టింది.